నరం అనుకున్నాం

పక్క ఫ్లాట్‌లో ఎవరైనా వెల్లుల్లి వేసి ఆవనూనె కాస్తుంటే నేను కిటికీ మూసేస్తాను. ఆ ఘాటు నన్ను హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, బారిడీహ్‌లోని మా కంపెనీ క్వార్టర్‌కి, బొగ్గుల కుంపట్ల పొగా మంచూ కలిసిపోయే చలికాలానికి, పద్నాలుగేళ్ళ మా అక్క దగ్గరికి లాక్కుపోతుంది.

దసరా పందిళ్ళ దగ్గర గుప్‌చుప్‌లని పిలిచే పానీపూరీలు నోటి నిండా కుక్కుకుని నాతో పందేలు కాసిన అక్క, దీపావళి వెళ్ళాక వచ్చే ఛఠ్ పండక్కి పక్కింటివాళ్ళిచ్చిన ఠేకువాని, బెల్లం వేసిన గట్టి గోధుమ బిళ్ళని, పాలలో నానబెట్టుకుని ఒకవైపే నమిలింది. కుడి దవడ వాచింది. గవదలన్నారు, గంధం పట్టు వేశారు, అయినా వాపు తగ్గలేదు.

నాన్న షిఫ్టులో ఉంటే అమ్మే సాక్చి బజారులో పళ్ళ డాక్టర్‌కి చూపించింది. ఆయన అక్కని బయట కూర్చోబెట్టి, "హడ్డీ నరమ్ హో గయీ హై," అన్నాడట, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడట. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏళ్ళయినా అమ్మ హిందీ కూరగాయల బేరం దాటలేదు. ఎముక మెత్తబడిందని ఆయనంటే, ఆమెకి వినపడింది మన నరమే.

"నరమంట. కత్తెడితే మూతి ఒంకరైపోద్ది. ఆడపిల్ల, నాను ఒప్పుకోను," అంది నాన్నతో.

ఇక ఆ చలికాలమంతా అక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని, నరం సర్దుకోవాలని వేడి నూనెతో చెంప రుద్దింది. అక్క కళ్ళు మూసుకుని నా చెయ్యి నలిపేసేది. కింది పళ్ళు కదలడం మొదలయ్యాక అమ్మ ఇంకా గట్టిగా రుద్దింది. మాకు అంతకు మించి చేతకాలేదు.

ఎండలు ముదిరేసరికి అక్క ముఖం పోల్చుకోలేనట్టయింది. నాన్న సెలవు పెట్టి అదే డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు, అదే మాట విన్నాడు, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా అమ్మని పిలిచాడు.

"నరం కాదే. ఎముక మెత్తబడిపోనాదన్నాడే."

పన్ను మొలిపించాల్సిన కణాలే దారితప్పి దవడలో గడ్డగా పెరిగాయని పెద్దాసుపత్రిలో చెప్పారు. కాన్సర్ కాదు, కానీ ఎముకని తినడం దానంతటది ఆపదు, కుడి దవడ తీసెయ్యాలి. ముందే వచ్చుంటే ఇంత కొయ్యాల్సి వచ్చేది కాదని డాక్టర్ హిందీలోనే అన్నాడు. ఆ మాట మాత్రం అమ్మకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడా క్వార్టర్లు లేవు, పండగ పళ్ళేలు పంచిన పక్కింటివాళ్ళు లేరు, అమ్మా లేదు. అక్క అదే ఊళ్ళో, పర్సుడీహ్‌లో పిల్లలకి పాఠాలు చెబుతోంది, నలుగురిలో నవ్వుతుంది కూడా. ఆపరేషన్ తర్వాత అమ్మ ఆమెకి జావ పట్టింది, జడలు వేసింది, పెళ్ళినాడు బుగ్గన చుక్క పెట్టాల్సి వస్తే మాత్రం పిన్నిని పిలిచింది.

"నొప్పి నేదమ్మా, ముట్టుకో," అని అక్క ఎన్నిసార్లు బతిమాలిందో. పోయేదాకా అమ్మ ఆ చెంప మీద చెయ్యి వెయ్యలేదు.