పోర్టికో ఉన్న అద్దె ఇల్లు

ఆ రోజుల్లో అద్దె ఇల్లు చూడబోయిన వాళ్లు ముందు నీళ్ల సంగతి అడిగేవాళ్లు. కుళాయి ఎన్నాళ్లకొకసారి వస్తుంది, బావి ఉందా, ఉంటే ఎండాకాలం ఊరుతుందా అని. ఆ తర్వాత గాలి, వెలుతురు, అద్దె. నేను మాత్రం పోర్టికో ఉందా అని అడిగేదాన్ని. కారున్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న అది. మాకున్న వాహనమల్లా మా ఆయన సైకిలు, అదీ గోడకు ఆనిస్తే తప్ప నిలబడేది కాదు. అయినా ఇల్లంటే పోర్టికో ఉండాలని నా మనసులో గట్టిగా పడిపోయింది. గోనెగండ్లలో మట్టిమిద్దె కింద పుట్టి, పక్కింటి టీచరమ్మ తెప్పించుకునే వారపత్రికలన్నీ ఆవిడకంటే ముందే చదివేసి పెరిగినదాన్ని. ఆ సీరియళ్లలో కథానాయికలందరూ పోర్టికోలో నిలబడే ఎదురుచూసేవాళ్లు. వంటింట్లో నిలబడి ఎదురుచూసిన కథానాయిక నాకు ఒక్కతీ తగల్లేదు.

పెళ్లయ్యి ఎమ్మిగనూరు వచ్చాక దొరికింది పోర్టికో కాదు, మగ్గం. మా మామ నేతపనివాడు. ఇంటి ముందుగదిలో నేల తవ్విన గుంట, దాని మీద మగ్గం. గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింద చెక్కలు తొక్కుతూ నేసేవాడు. ఆ టకటకలోనే ఆ వీధి వీధంతా నిద్ర లేచేది. మా ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. మా పాప పుట్టిన ఏడాదికి ఆయనకు ఆదోని బదిలీ అయింది. అత్తమ్మ అప్పటికే పోయింది, మామను ఒక్కడినే వదిలి వెళ్లడానికి మా ఇద్దరికీ మనసు రాలేదు. మాతో రమ్మని మామను అడిగాం. మూడో రోజు అన్నం తింటూ, "మగ్గమొస్తే నేనొస్తా" అన్నాడు. సరే, మగ్గం మాత్రం ఎంత చోటు పడుతుంది, ఏదో ఒక మూల పడుంటుందిలే అనుకున్నాను. (మగ్గాన్ని మంచంలాగా ఎక్కడైనా వేసుకోవచ్చని అనుకున్నదాన్ని నేత ఇంటి కోడలని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.)

ఆదోనిలో ఇళ్లు చూపించినవాడిని మేం సైకిల్ బాషా అనేవాళ్లం. సైకిలుతో ఊరంతా తిరిగినా దాన్ని ఎప్పుడూ తొక్కేవాడు కాదు, నడిపించుకుంటూనే వచ్చేవాడు. తొక్కితే జనంతో మాట్లాడేకి కాదంట. మొదట పాతూరి సందులో ఒక ఇల్లు చూపించాడు. తలవాకిలి ఎంత కిందికి ఉందంటే మా ఆయన లోపలికి వెళ్తూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి నుదురు కొట్టుకున్నాడు. మామ మాత్రం ముందుగదిలో గొంతుక్కూచుని, మట్టినేలను అరచేత్తో నిమిరి, వేలి గణుపుతో తట్టి, "ఈడ బాగుండాది" అన్నాడు. నేను వినిపించుకోలేదు. "పెద్దోళ్లుండే తావు ఏదైనా సూపియ్యన్నా" అని బాషానడిగాను. ఆయన నన్ను, మా ఆయనను, చివరకు మా ఆయన చెప్పులను చూసి, "పెద్దోళ్లుండే తావులో పెద్దోళ్లే ఉంటారమ్మా" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "సర్లే, రాండి" అని సైకిలు తిప్పాడు.

ఊరి బయట, పత్తి మిల్లులు దాటాక ఉండేది ఆ కాలనీ. పత్తి సావుకార్లు, డాక్టర్లు, వకీళ్లు కట్టుకున్న బంగళాలు. ఆదోని దుమ్ము అక్కడిదాకా వచ్చి, గేటు బయటే ఆగిపోయినట్టుండేది. అందులో ఒక సావుకారు పెద్ద బంగళా కట్టుకుని వెళ్లిపోగా ఖాళీ అయిన పాత ఇల్లు ఉంది. ఆయన వచ్చే ముందు అత్తరు వాసన వచ్చేది కాబట్టి మేం అత్తరు సావుకారు అనేవాళ్లం. ఇంటి ముందు, రెండు సిమెంటు స్తంభాల మీద, పోర్టికో. నేను ఇక లోపలికి వెళ్లనవసరమే లేకపోయింది. మా ఆయన అద్దె విని ముఖం తుడుచుకున్నాడు. మామ గదులన్నీ తిరిగొచ్చాడు. అంతటా మొజాయిక్ పరిచిన నేల.

"ఇల్లు నచ్చిందా మామా?" అన్నాను.

"ఇల్లు బాగుండాదిమ్మా. నేలే బాగలేదు."

బాషా నొచ్చుకున్నాడు. "అట్లంటావేమి పెద్దాయనా, అద్దం లెక్కుంది. మొకం సూసుకోవచ్చు."

"మొకం సూసుకునేకి నేలెందుకప్పా" అన్నాడు మామ. అంతే అన్నాడు. పారతో తవ్వడానికి వీల్లేదనీ, గుంట లేనిదే ఆ మగ్గం నిలవదనీ చెప్పలేదు. అప్పటికే నేను స్తంభం పక్కన నిలబడి ఎలా ఉంటుందో చూసుకుంటున్నాను కాబట్టి చెప్పబుద్ధి కాలేదేమో.

చేరిపోయాం. మగ్గం చెక్కలు వెనకవైపు వసారాలో గోడకు చేరేశాం. పోర్టికో మరీ బోసిగా ఉండకూడదని మా ఆయన సైకిలును సరిగ్గా నడిమధ్యన పెట్టించేదాన్ని. ఆయన దాన్ని స్తంభానికి ఆనిస్తే, నేను వెళ్లి మధ్యకు జరిపి వెనక చక్రానికి ఇటుక పెట్టేదాన్ని. సాయంత్రం పాపకు తల దువ్వి, నేను ఇస్త్రీ చీర కట్టుకుని అక్కడ నిలబడేదాన్ని. ఎదురింటి డాక్టరమ్మ (డాక్టరు ఆయన, ఈవిడ భార్య) రోజూ కారెక్కేటప్పుడు గేటు దగ్గర కనిపించేది. నేను నవ్వేదాన్ని. ఆవిడ నా తలకు కొంచెం పైన, గోడ మీద దేన్నో చూసేది. నేను వెనక్కి తిరిగి అక్కడ ఏముందో వెతికేదాన్ని. ఏమీ ఉండేది కాదు. ఎమ్మిగనూరులో మా గడపలో నిలబడితే చాలు, ఏం కూర చేశావు, పాప ఎందుకేడ్చింది అని ఆరు ఇళ్ల నుంచి అడిగేవాళ్లు. అప్పుడు అది విసుగనిపించేది. ఇక్కడ పాప ఎంత ఏడ్చినా ఒక్క కిటికీ తెరుచుకోలేదు. అయినా పెద్దవాళ్ల పద్ధతి ఇదే కాబోలని సర్దుకున్నాను.

మామ సంగతి వేరు. ఆయన పొద్దున కాఫీ తాగి పోర్టికో మెట్టు మీద కూర్చునేవాడు. ఒకరోజు పాపకు అన్నం తినిపిస్తూ అటు చూశాను. ఆయన వీధిలోకి చూస్తున్నాడు, కాళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుంటున్నాయి. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. కింద చెక్కలు లేవు, నేల మీద వట్టి పాదాలు. ఆయనకు అది తెలిసినట్టు లేదు. ఏం చేయాలో నాకు తెలియలేదు. లోపలికి వచ్చేశాను.

కొద్దిరోజులకు మామ ముఖంలో కళ వచ్చింది. తెల్లవారకముందే లేచి, పార తీసుకుని పెరట్లోకి వెళ్లడం మొదలుపెట్టాడు. అడిగితే, "సెట్టు నాటేకి" అన్నాడు. పోనీ ఏదో ఒక పని దొరికిందని సంతోషించాను. వారం గడిచింది. గుంట మోకాలి లోతు దాటింది. పొడవుగా, మూలలు చెక్కినట్టు తవ్వి, పైన గోనెపట్టాలు కప్పాడు.

"ఇంత గుంటలో ఏం చెట్టు మామా?"

"పెద్ద సెట్టు" అన్నాడు, నా వైపు చూడకుండా.

సరిగ్గా అప్పుడే కాలనీ మారిపోయింది. ముందుగా డాక్టరమ్మ ఇంటి నుంచి గిన్నెనిండా సేమియా పాయసం వచ్చింది. మరునాడు మూలింటి వకీలుగారు సైకిలు మీద వెళ్తున్న మా ఆయనకు చెయ్యెత్తి, "ఆఫీసుకా?" అన్నారట. ఆయన ఎంత కంగారు పడ్డాడంటే, సైకిలు దిగి, నమస్కారం పెట్టి, మళ్లీ ఎక్కాడు. పక్క బంగళా సావుకారమ్మ తానే వచ్చి మా పెరటి గోడ దగ్గర నిలబడి, పాప ముద్దుగా ఉందని, అటూ ఇటూ చూస్తూ చాలాసేపు మాట్లాడింది. నేను ఉబ్బిపోయాను. ఆ రాత్రే మా ఆయనతో, "చూసినారా, మనం నడుచుకునే తీరు వాళ్లకు మెల్లగా అర్థమైతాంది" అన్నాను. నా ఇస్త్రీ చీరలు, నా నవ్వు, నేను సాధన చేసి పెట్టుకున్న గుడ్ మార్నింగు, అన్నీ ఫలించాయనుకున్నాను. పాయసం గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని జొన్నమురుకులు చేసి పంపించాను. వాటిని ఎవరు తిన్నారో తెలియదు.

అసలు జరిగిందేమిటంటే, డాక్టరమ్మ ఇంటి వంటామె మిద్దె మీద బట్టలారేస్తూ మామ తవ్వడం చూసింది. ఎవరూ లేవకముందే తవ్వడం, పొద్దెక్కితే కప్పెయ్యడం, అడిగితే చెట్టని చెప్పడం. తొలకరి వాన పడితే చాలు, చేలల్లో వంగి వజ్రాలు వెతికే జనమున్న జిల్లా మాది. నిధి దొరికిందన్న మాట పుట్టడానికి ఆ మాత్రం చాలదా? కాలనీ అంతటికీ తెలిసింది. తెలియంది మా ఇంట్లో వాళ్లకే.

ఒక ఆదివారం సాయంత్రం మా పోర్టికోలోకి మొదటిసారి కారు వచ్చింది. సైకిలును, ఇటుకను తీసే వ్యవధి కూడా ఇవ్వకుండా అత్తరు సావుకారు దిగి, కాఫీ కూడా వద్దని నేరుగా పెరట్లోకి నడిచాడు. మామ అప్పుడే పట్టాలు తీసి, కొలత సరిపోయిందో లేదో చూసుకోవడానికి కాళ్లు లోపలికి దించి గుంట అంచున కూర్చుని ఉన్నాడు. గోడల మీదుగా నాలుగు బంగళాల వాళ్ల తలలు కనిపిస్తున్నాయి.

"ఏం దొరికింది పెద్దాయనా?" అన్నాడు సావుకారు మెల్లగా.

"యాడ?"

"గుంటలో."

"రాయి దొరికె. తీసి పక్కనేసినా."

సావుకారు ఆ రాయి దగ్గరికి వెళ్లి, తిప్పి చూసి, చేయి దులుపుకున్నాడు. "జాగా నాది. ఏం దొరికినా నాకు సెప్పల్ల. దాసిపెడితే మర్యాదుండదు."

"దాసేకి ఏముండాది సావుకారూ? ఇది మగ్గం గుంట. మీ ఇంట్లో నేల తవ్వేకి కాదని ఈడ తవ్వినా. పైన రేకులేసుకుంటే మగ్గం దించేదే." అలా చెబుతూ కాళ్లతో తొక్కి చూపించాడు. అంతవరకూ నాకూ తెలియదు. మా ఆయన నా వైపు చూశాడు, నేను వసారాలోని చెక్కల వైపు చూశాను.

సావుకారు నమ్మలేదు. గుంటను చూశాడు, మామను చూశాడు. "ఈ కాలనీలో మగ్గం సప్పుడా? కుదరదు. మగ్గం మాటుంటే ఇల్లు ఖాళీ సేయండి."

మామ లేచాడు. పార అందుకున్నాడు. "వద్దులే సావుకారూ, పూడ్సేస్తా. మా కోడలు ఆశపడి చేరిన ఇల్లు. నాదేముండాది, ముసలోన్ని, కూసుంటే పొద్దు పోతాది" అని ఒక పార మట్టి ఎత్తాడు.

"ఆగాగు, పూడ్చద్దు" అని సావుకారు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "గుంట అట్లే ఉండనీ."

గోడ మీద తలల్లో ఒకటి దగ్గింది. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. మామ ఎత్తిన పారనే చూస్తున్నాను. ఆ రోజు మెట్టు మీద తొక్కిన ఆ వట్టి పాదాలు గుర్తొచ్చాయి. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నన్ను నిందించి అనలేదు, నాకు వినిపించాలని అనలేదు. అందుకే మరీ తట్టుకోలేకపోయాను.

"పూడ్చొద్దు మామా" అన్నాను. "మనమే పోదాం. పాతూరి సందులో ఆ ఇల్లు ఖాళీగానే ఉందేమో బాషానడుగుదాం."

"నీకు నచ్చలేదంటివి కదమ్మా అది."

"నేల బాగుండాది కదా" అన్నాను. మా ఆయన నిట్టూర్చి, ఆ తలవాకిలి తలచుకుని నుదురు తడుముకున్నాడు.

సావుకారు మర్యాదకు ఆ క్షణం నుంచి హద్దు లేకుండా పోయింది. సామాన్లకు బండి తానే పంపుతానన్నాడు, నెల మధ్యలో పోతున్నా ఫరవాలేదన్నాడు, వీలైతే రేపే పొమ్మన్నాడు. మేం వెళ్లిన వారానికే కూలీలను పెట్టి అక్కడ తవ్వించడం మొదలుపెట్టాడని బాషా చెప్పాడు. గుంట నిలువెత్తు లోతయ్యి, పెరటి గోడ ఒరిగే దాకా వచ్చాక, అందులో నీళ్ల తొట్టి కట్టించి, మొదటి నుంచీ తన ఉద్దేశం అదేనని అందరితో చెప్పుకున్నాడట. మా మామ ఆ మాట విని, "మంచి పనే కదా, ఎండాకాలం నీళ్లుంటాయి" అని మగ్గం మీద దారాల మధ్య నాడె అటూ ఇటూ తోసుకుంటూ ఉండిపోయాడు. పాతూరి ఇంట్లో మగ్గం నిలబెట్టిన రోజే పక్కింటామె తొంగిచూసి, పాప ఎందుకేడుస్తోందని అడిగింది. నేను బయటికి వచ్చి, పాప ఏడ్చిన కారణంతో మొదలుపెట్టి, మా పెళ్లి సంగతి దాకా చెప్పేశాను. అన్ని రోజులు మాటలు ఎక్కడ దాచిపెట్టుకున్నానో నాకే తెలియదు.

కాలనీ వదిలిన రోజు సంగతి ఒకటుంది. మా ఆయనకు కూడా చాలా ఏళ్ల తర్వాతే చెప్పాను. సావుకారు పంపిన ఎద్దులబండి నిండా సామాన్లెక్కించారు. పాపను ఒళ్లో పెట్టుకుని, మగ్గం చెక్కల మీద దుప్పటి పరుచుకుని నేను కూర్చున్నాను. అప్పుడు డాక్టరమ్మ గేటు తీసుకుని, రోడ్డు దాటి, బండి దగ్గరికి వచ్చింది. ఆవిడ నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు. మొదటిసారి నా తలకు పైన కాకుండా నా కళ్లలోకి చూసింది. "మాకు మాత్రం చెప్పమ్మా. దొరికిందా, లేదా?" అంది, గుసగుసగా.

లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇరవయ్యేళ్లు దాటీ దాటని పిల్లను, ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పమిట సర్దుకుని, చదివిన సీరియళ్లన్నీ కలిపి నేర్పినంత నిదానంగా ఒక నవ్వు నవ్వి, బండివాడితో పోనీయమన్నాను. కాలనీ మలుపు తిరిగే దాకా వెన్ను వంచలేదు. చెక్కలు గుచ్చుకుంటున్నా కదల్లేదు. ఆ పిల్ల ఇప్పుడు కనిపిస్తే, అంత బింకం ఎందుకే తల్లీ అని అడుగుదామనుకుంటాను గానీ, అడగనేమో. పక్కకు జరగమని, నేనూ ఆ బండెక్కి, కాసేపు ఆమె పక్కనే కూర్చుంటానేమో.