సొంటి అనుకుని దంచిన కొమ్ము

నాకప్పుడు తొమ్మిదేళ్లు... తెల్లవారకముందే మా నాయిన దగ్గుతో లేచేవాడు. మాణికేశ్వర్ నగర్‌లో మాది రేకుల ఇల్లు. చలికాలం వస్తే రేకుకు పట్టిన చెమ్మ చుక్కలు చుక్కలుగా మా దుప్పటి మీదే పడేది.

నాయిన యూనివర్సిటీలో మాలి. పొద్దున్నే పైపు పట్టుకుని హాస్టళ్ల ముందు మొక్కలకు నీళ్లు పెట్టాలి. తడి కాళ్లు, భుజాన ఒక్క పలచని తువ్వాల... అంతే. ఆ దగ్గు ఆగకపోతే నాకు భయం, ఉన్నట్టుండి ఆగినా భయమే. అప్పటినుంచీ నేను ఇంతే.

మా అమ్మ తార్నాకలో ఒక టీచరమ్మ ఇంట్లో గిన్నెలు తోమేది. వాళ్లు గుంటూరు వైపువాళ్లు. ఒకరోజు అమ్మ వెంట నేనూ వెళ్లాను. వణుకుతున్నానని టీచరమ్మ ఒక గ్లాసు టీ ఇచ్చింది. మా ఇంట్లో చాయ్ అంటే ఆకు, బెల్లం... ఇది వేరే. ఒక గుక్కకే గొంతు నుంచి కడుపు దాకా వెచ్చగా దిగింది.

"ఏమేసిండ్రు టీచరమ్మా ఇందుల?"

"ఏవుందమ్మా, రెండు మిరియాలు, దాల్చిన చెక్క, కాస్త శొంఠి కొమ్ము దంచి వేశాను. మీ నాన్నకి కూడా పెట్టు, దగ్గు తగ్గుతుంది."

ఆ మాట నా మనసులో పడిపోయింది.

మర్నాడు పొద్దున అమ్మ చెల్లెను చంకనేసుకుని పనికి పోయింది. నేను పొయ్యి వెలిగించాను. అమ్మ మందుల డబ్బా తీసి వెతికితే ఒక కొమ్ము దొరికింది... ఎండిపోయి, కణుపులు కణుపులుగా. సొంటి ఇదేననుకున్నాను. సగం వేస్తే దగ్గు తగ్గదేమో అని కొమ్ము మొత్తం దంచి వేశాను. వాసన టీచరమ్మ ఇంట్లో లాగా రాలేదు. ఎక్కువ వేశాను కదా, అందుకేమో అనుకున్నాను.

చెంబులో పోసి, మూతపెట్టి, పైట చెంగు లేదు కాబట్టి లంగా కుచ్చెళ్లతో పట్టుకుని, హాస్టళ్ల దాకా నడిచాను.

నాయిన మూత తీసి వాసన చూశాడు. నా మొహం చూశాడు.

"నువ్వే చేసినవా బిడ్డా?"

"ఆఁ... సొంటి చాయ్. దగ్గు పోతది."

పిప్పి తప్ప ఏమీ మిగల్చకుండా తాగాడు.

కాసేపటికే చేతిలో పైపు వదిలేసి గడ్డిలో కూలబడ్డాడు. ఒకటే వాంతులు... అంత చలిలో ఒళ్లంతా చెమట. తోటి మాలి ఎల్లయ్య మామ పరుగెత్తుకొచ్చాడు. నాయినకు నోట మాట లేదు. మామ నావైపు తిరిగాడు.

"ఏం తాపినవ్ పిల్లా?"

"ఏం లేదు... ఉత్త చాయ్."

ఎందుకట్లా అన్నానో తెలియదు. భయానికి నోట్లోంచి అదే వచ్చింది.

"అయితే గడ్డిల పురుగు ముట్టినట్టున్నది," అన్నాడు మామ. పామును మావాళ్లు పేరుపెట్టి పిలవరు, పురుగు అంటారు. నాయిన పాదం మీద ఎర్రటి గీత ఉంది. ముల్లు గీరుకుందో ఏమో... మామ అదే కాటు అన్నాడు. తువ్వాల చింపి కాలికి బిగించి కట్టాడు. కొమ్మలు కోసే కత్తి తీశాడు. విషపు రక్తం బయటికి పోవాలంటే కోయాలట...

చెప్తే నన్ను పోలీసులు పట్టుకుపోతారు. చెప్పకపోతే నాయిన కాలు... కత్తి కాలికి ఆనింది.

"మామా... పురుగు కాదు. నేనే. డబ్బాల ఉన్న సొంటి దంచి ఏసిన."

"సొంటికి గిట్ల కక్కుతరా?" చెంబు అడుగున ఉన్న పిప్పి వేలితో తీసి వాసన చూశాడు. కత్తి పక్కన పడేసి ఆయనా గడ్డిలో కూర్చున్నాడు.

"నీ పాడుగాను... సొంటి కాదే, వస. చంటిపిల్లలకు మాటలు రావాల్నని జరంత అరగదీసి నాలుకకు రాస్తరు. నువ్వు కొమ్ముకు కొమ్ము తాపినవ్."

మా చెల్లె కోసం అమ్మ తెచ్చిపెట్టిన వస అది.

మామ కట్టు విప్పి నాయినకు నీళ్లు తాగించాడు. "అంత కక్కిండు, ఇగ నిమ్మళమైతది," అన్నాడు. మా నాయిన రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషి. ఆయన వీపు నిమురుతూ మామ, "నీకు మాటలు లేవని నీ బిడ్డ వస తాపింది రా. రేపటిసంది నీ ముచ్చట్లు నేను వినాల్నా?" అన్నాడు. నాయిన నవ్వబోయి మళ్లీ కక్కాడు.

పొద్దెక్కేదాకా అక్కడే పడుకున్నాడు. నేను కదలకుండా ఆయన ఛాతీనే చూస్తూ కూర్చున్నాను... పైకీ కిందికీ ఆడుతోందా లేదా అని.

ఇంటికి మెల్లగా నడిచొస్తున్నప్పుడు నాయిన అన్నాడు.

"వస అని వాసనకే ఎరికైంది బిడ్డా."

"మరెందుకు తాగినవ్ నాయినా?"

"గంత చలిల పట్టుకొచ్చినవ్ గదా. జర తాగితే ఏమైతదిలే అనుకున్న. నువ్వు గట్ల చూస్తుంటే ఆపబుద్ధి కాలే."

అది విన్నాక నాకు ఇంకా ఎక్కువ భయమేసింది. నా మొహం చూసి ఒక మనిషి ఏదైనా తాగేస్తాడు కదా అని...

ఇప్పుడు తార్నాకలో ఎటు చూసినా మసాలా చాయే. ఈ చలికి మా మనవరాలు కూడా ఆ మసాలా పొడి డబ్బా ఒకటి తెచ్చింది. నేను కాచి, ముందు ఒక గుక్క నేను తాగి, కాసేపు కూర్చుని, నాకేమీ కాలేదని చూసుకుని అప్పుడు ఇస్తాను. ఆలోపు చల్లారిపోతుంది.

"ఎంగిలి చేసి ఇస్తవేంది అమ్మమ్మా, ఏమేం ఉన్నయో డబ్బా మీద రాసే ఉన్నది గదా," అంటుంది. తను అది చదవనిదే ముట్టదు. మంచిదే, అట్లాగే ఉండాలి...

కానీ అందులో ఏముందని అడగకుండా, ఎవరు తెచ్చారో చూసి తాగేసే మనుషులు ఇప్పుడు కనబడరు. మీ ఇళ్లల్లో ఉండేవాళ్లా? ఉంటే రాయండి... వాళ్లకేమీ కాలేదు కదా, అది కూడా రాయండి.