డిస్కులు తీసేసిన కంప్యూటర్లు

కంప్యూటర్లు తయారుచేసే ఆ కంపెనీకి ఊరి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. అమ్మిన యంత్రాలు పాతబడ్డాక వాటిని వెనక్కి తీసుకుని, ఎవరికీ హాని కలగకుండా విడదీయించవలసిన బాధ్యత తయారీదారుదేనని చట్టం. ఏటా ఇంత బరువు సేకరించి తీరాలన్న నిబంధన కూడా ఉంది. ఆ షెడ్డు వెనక గదిలో ఒకామె పనిచేసేది. యంత్రంలోని సమాచారమంతా దాగి ఉండే హార్డ్ డిస్కును బయటికి తీసి, ప్రెస్సు అనే నొక్కుడు యంత్రం కింద పెట్టి నలగ్గొట్టడం ఆమె పని. అందుకే అందరూ ఆమెను ప్రెస్సక్క అనేవారు.

పనిలో ఆమెకు వంక పెట్టినవారు లేరు. డిస్కు పైమూత సొట్టపడితే చాలదు, సమాచారం ఉండే లోపలి పళ్ళేలు వంగాలనేది. అనుమానం వస్తే మరోసారి నొక్కేది. పనిబట్టలు షెడ్డులోనే విడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే అన్నం డబ్బా ముట్టుకునేది. ఆ దుమ్ము ఇంటికి రాకూడదని ఆమె పట్టుదల. లారీ టైర్లు మార్చే భర్త ఒళ్ళంతా మసితో వచ్చినప్పుడల్లా, "మీ అమ్మ చూస్తే నన్నూ ప్రెస్సులో పెడుతుంది" అని కూతురిని నవ్వించేవాడు.

ఆ కూతురు చదివే బడిలో కంప్యూటర్ల గది ఖాళీ చెయ్యాలనుకున్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ఆ ప్రస్తావన వచ్చింది. ఎప్పుడూ చివరి వరుసలో కూర్చుని వినే ప్రెస్సక్క ఆ రోజు లేచింది.

"అవి మా కంపెనీవేనండీ. మేమే తీసుకోవాలి, రూలది. పాతసామాన్లవాళ్ళకి మాత్రం వెయ్యకండి. బోర్డులు పెనం మీద వేడిచేసి చిప్పులు ఊడబీకుతారు. ఆ పొగా, సీసం దుమ్మూ మన పిల్లలే పీలుస్తారు."

కంప్యూటర్ మాస్టారికి వేరే సందేహం కలిగింది. "పిల్లల వివరాలన్నీ వాటిలోనే ఉన్నాయి కదమ్మా?"

"డిస్కులు తీసేసి పంపండి మాస్టారూ. అక్కడ మేం చేసే మొదటి పని అదేగా!"

చప్పట్లు మోగాయి. వరండాలో ఉన్న కూతురికి మాటలు వినబడలేదు, చప్పట్లు వినబడ్డాయి. "అమ్మా, ఆ చప్పట్లు నీకేనా?" అని ఇంటికి చేరేదాకా అడుగుతూనే ఉంది. "చాల్లే, నడు" అంది గాని, ఆమెకూ ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినాలనే ఉంది.

ఆమె చెప్పినదానిలో అబద్ధం లేదు, పొరపాటు ఉంది. డిస్కు తీయడం వెనక గదిలో మొదటి పనే. కాని యంత్రం ఆ గదికి చేరాలంటే ముందు గేటు దాటాలి. విడిభాగాలు తీసిన యంత్రాన్ని ఒకచోట, ఆ భాగాలను మరోచోట ఇచ్చి, కొందరు ఒకే యంత్రాన్ని రెండుగా లెక్కలో చూపిస్తున్నారని, అన్ని భాగాలూ ఉన్న యంత్రాన్నే గేటు దగ్గర తీసుకునేవారు. రోజూ పక్కతలుపు నుంచి వచ్చిపోయే ప్రెస్సక్కకు ఈ సంగతి తెలియదు. కనుక్కోవాలని తోచలేదు.

బడి వ్యాను వచ్చిన రోజు ఆమె గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఏంటి ప్రెస్సక్కా, ఇటొచ్చావ్? సూర్యుడు పడమట పొడిచాడా?" అన్నాడు గేటు సూపర్‌వైజరు.

మాస్టారు వ్యాను దిగుతూనే ఆమెతో మెల్లగా, "మీరు చెప్పినట్టే చేశామమ్మా. డిస్కులన్నీ మా బీరువాలో భద్రం" అన్నాడు.

సూపర్‌వైజరు ఒక కంప్యూటర్ పెట్టె విప్పాడు. ఇంకొకటి విప్పాడు. "వీటిలో డిస్కులేవండీ? ఇలా అయితే కుదరదు. ఎవరు మీకీ సలహా ఇచ్చిన మేధావి?"

తూకం మనిషి కిసుక్కుమన్నాడు. మాస్టారు ప్రెస్సక్క వైపు చూశాడు. ఆమె వంగి, పెట్టె వెనకున్న నంబరును శ్రద్ధగా చదవసాగింది. ఆ నంబరుతో ఆమెకు ఏ పనీ లేదు.

"నేనే తీయించానండీ, జాగ్రత్త కోసం" అన్నాడాయన. ఆపైన ఆమె వైపు చూడలేదు. వ్యాను వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం టీ తాగకుండానే ఆమె లేచింది. సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఆ బడివాళ్ళకి చెప్పింది నేనే. డిస్కులు వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఉన్నాయా? ఎక్కడో అమ్మేశారనుకున్నాను! అవి తెచ్చి పక్కన పెడితే నిండు యంత్రం కిందే తీసుకునేవాణ్ణి కదా. ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ?"

ఆమె మాస్టారికి ఫోను చేసింది. కంప్యూటర్ల గదిలో మేస్త్రీలు పని మొదలుపెట్టారని, యంత్రాలు పెట్టడానికి చోటు లేదని చెప్పాడాయన. బడి వెనక సందులోని పాతసామాన్ల కొట్లో దింపేశామన్నాడు.

ఆమె నేరుగా అక్కడికి వెళ్ళింది. కొట్టు పెద్దాయన ఆమె మాట పూర్తికాకముందే చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఆలస్యం చేశావు తల్లీ. పెట్టెలు అవిగో, బోర్డులన్నీ పెనమెక్కాయి. మీ కంపెనీ మొహం చాటేసిన సరుక్కి నేనే దిక్కు."

"దించెయ్యి బాబాయ్, పిల్లలున్నారు."

"దించుతా. కాలినవి మళ్ళీ పచ్చివవుతాయా?"

బూడిదరంగు పొగ గోడ మీదుగా బడిలోకి పోతోంది. బడి వదిలిన గంట మోగింది. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వచ్చిన కూతురు తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఆపించడానికొచ్చావా అమ్మా? డిస్కులు తియ్యడం తన తప్పేనన్నారు మాస్టారు. మావాళ్ళంతా 'తెలివిగల మాస్టారూ' అని ఒకటే ఏడిపించడం. సమావేశంలో నువ్వంత చెప్పినా ఆయన వినలేదా?"

"విన్నారే. తియ్యమన్నది నేను. గేటు దగ్గర నోరు మెదపనిదీ నేనే."

కూతురు చటుక్కున వెనక్కి తిరిగి, స్నేహితురాళ్ళు విన్నారేమోనని చూసింది. తల్లికి ఆ చూపు అర్థమైంది.

"మాస్టారు ఇంకా లోపలే ఉన్నారు" అని ముందు నడిచింది పిల్ల. చెయ్యి అందుకోలేదు.

తరగతి గదిలో మాస్టారు ఇంకా ఇళ్ళకు వెళ్ళని పిల్లలచేత కిటికీలు మూయిస్తున్నాడు. ఆమెను చూసి, "అయ్యో, ఇంతదూరం ఎందుకొచ్చారమ్మా, కూర్చోండి" అన్నాడు. పిల్లలు ఇటు తిరిగారు. ఆయన ఒక్కడికే చెప్పి వెళ్ళిపోయే వీలుంది. ఆమె గుమ్మంలోనే నిలబడి, డిస్కులు తియ్యమన్నది తనేనని అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగింది. ఎంతవరకు చెప్పిందో తెలియక, మళ్ళీ మొదటినుంచి చెప్పింది.