ఏటి మీద డ్రిల్లు

మా డ్రిల్లు సార్ పోయిండన్న కబురు నాకు ఆత్మకూర్ దగ్గర కృష్ణ ఒడ్డున తెలిసింది. అప్పుడు నేను పుట్టిల మనుషులను ఎక్కించుకుంటున్న. మహబూబ్‌నగర్ బస్సు దిగి వచ్చిన ఒకాయన చెప్పిండు.

"మీ బడిల పనిచేసిన సార్ అంట గదమ్మా. శుక్రవారం కాలం చేసిండు. మట్టి సుత అయిపోయింది."

ఎక్కినోళ్లను అవతలి ఒడ్డుకు దించి, ఉత్త పుట్టితోని తిరిగొచ్చి, తెడ్డు పక్కకు పెట్టి అప్పుడు ఏడ్చిన. పుట్టి నడిపేటోళ్లు నడి ఏట్ల ఏడిస్తే ఎక్కినోళ్లకు భయమైతది.

ఏరు లేని ఊళ్లోళ్లకు పుట్టి ఎరుక ఉండదు. వెదురుతోని గుండ్రంగ గంప లెక్క అల్లి, అడుగున తోలు కప్పిన పడవ అది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు చచ్చుబడ్డ నేను దాన్ని నడిపి బతుకుతున్ననంటె, దానికి కారణం సార్. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

సార్ రామన్నపేట దిక్కు మనిషి. మా బడికి బదిలీ మీద వచ్చేదాక ఇంత పెద్ద ఏరు చూసి ఎరుగడు. పొడుగ్గ, సన్నగ ఉండేటోడు. అంగీ ఎప్పుడు ఇస్త్రీ చేసి ఉండేది, చెప్పులు మాత్రం కుట్లు పడ్డయి. డ్రిల్లు గంటల పిల్లలందరు వరుసల నిలబడితే నన్ను అరుగు మీద కూసోమనేటోళ్లు. కొత్తగ వచ్చిన సార్ సుత మొదట్ల అట్లనే కూసోమన్నడు.

ఒకనాడు బడి బాయి కాడ నేను నీళ్లు చేదుతుంటె చూసిండు. గట్టుకు ఆనుకొని నిలబడితే నాకు కాలుతోని పని లేదు. పోరగాండ్లందరికి నేనే చేది పోసేదాన్ని.

"చేతులల్ల ఇంత బలముంటె అరుగు మీద ఏం చేస్తున్నవ్ బేటీ?" అన్నడు.

"కాలు లేదు గద సార్."

"డ్రిల్లు కాళ్లతోనే చెయ్యాలని ఎవరు చెప్పిండ్రు?"

నేను చేద మళ్ల బాయిల ఇడిసిన. ఆయనే, "నేనే చెప్పిన. నాదే తప్పు" అన్నడు.

సార్‌కు సాయంత్రం ఏటి ఒడ్డుకు వచ్చి కూసునే అలవాటు. రేవుల పుట్టి నడిపే ముసలాయనను ఊరంత తాత అనేటోళ్లు; ఆ తాత మోకాళ్ల మీద కూసోని తెడ్డేసుడు చూసి, సార్‌కొక ఆలోచన వచ్చింది. సక్కగ మా ఇంటికే వచ్చిండు. మా బాపు గయ్యిమన్నడు.

"నేల మీద నడువలేని పిల్లను నీళ్ల మీద ఏం నడిపిస్తవ్ సార్? మునిగితే?"

"నేను సుత ఎక్కుత."

"నీకు ఈతొస్తదా?"

"రాదు."

బాపుకు నవ్వాగలే. "అయితే ఇద్దర్ని దేవులాడాలన్నట్టు" అన్నడు. ఆదివారం మాత్రం ఆయనే ఎండిన ఆనపకాయ బుర్రలు తెచ్చి, మునుగకుంట నా నడుముకొకటి, సార్ నడుముకొకటి కట్టిండు. ఇస్త్రీ అంగీ మీద ఆనపకాయ బుర్రతోని సార్ పుట్టిల బిగుసుకపోయి కూసున్నడు. రెండు చేతులతోని అంచు పట్టుకున్నడు. తెడ్డు ఒక దిక్కే వేస్తే పుట్టి గిర్రున తిరుగుతది. ఆ పొద్దంత నేను తిప్పుతనే ఉన్న. ఒడ్డెక్కినంక సార్ పక్కకు పోయి కక్కుకున్నడు. నోరు కడుక్కోని వచ్చి, "వచ్చే ఆదివారం జర సక్కగ పోనియ్యి" అన్నడు.

తర్వాత సారే తిరిగి తిరిగి నా లెక్కటి మనుషులను ఇంకో ఇద్దర్ని తోలుకొచ్చిండు. కండ్లు పోయిన మైసయ్య తట్టలల్లేటోడు. నూనె గానుగల చెయ్యి పోయిన ఖాసీం తెడ్డును చంకల అదుముకోని వేసేటోడు. నేను దారి చెప్పేది, మైసయ్య బలంగ తెడ్డేసేది. నీళ్ల కింద బండ ఉంటె నాకంటె ముందు ఆయనకే సప్పుడు తెలిసేది. తాత ఒడ్డు మీద కూసోని మమ్మల్ని తిట్టుకుంట నేర్పిండు. దారి పోయేటోళ్లు నవ్వి, మాది 'అవిటోళ్ల పుట్టి' అన్నరు. నాకు బాధయింది. సార్ తల ఊపి, "పేరు పడ్డదంటె ఇగ ఇది ఉన్నట్టే లెక్క" అన్నడు.

ఒక వానకాలం తాత జ్వరంతోని పండుకున్నడు. పైన వానలు పడి కృష్ణ పొద్దటి నుంచి పెరుగుతాంది. నడి ఏట్ల ఉన్న గడ్డ మీద ఒక గొల్లాయన తల్లి, గొర్లతోని చిక్కుకపోయింది. ఆయన ఒడ్డున నెత్తి కొట్టుకుంటున్నడు. సార్ మా దిక్కు చూసిండు.

"పొమ్మని నేను చెప్ప. వద్దని సుత చెప్ప. ఏరు నాకంటె మీకే ఎరుక."

మైసయ్య తెడ్డు అందుకున్నడు. నేను ఎక్కి కూసున్న. బాపే వచ్చి పుట్టిని నెట్టిండు. నీళ్లంటె అంత భయపడే సార్ మోకాళ్ల లోతు దిగి నిలబడ్డడు.

గడ్డ మీద ముసలమ్మ ఎక్కనన్నది. "నా గొర్లను ఇడిశిపెట్టి నేను రాను" అని ఒకటే మొండి. గొర్రెపిల్లలను ఎక్కిస్తే వాటెంట ఎక్కింది. ఆమెను దించి మళ్ల పోయి, పట్టినన్ని గొర్లను తెచ్చినం. మూడోసారి మైసయ్య నీళ్ల సప్పుడు విని, "ఇగ వద్దు" అన్నడు. మిగిలిన గొర్లు మా కండ్ల ముందటనే కొట్టుకపోయినయి.

ముసలమ్మ మమ్మల్ని పట్టుకోని తిట్టింది. "జర ముందుగాల రాకపోతిరా! ఇంత నిదానంగనా తెడ్డేసేది?"

నాకు ఏడుపొచ్చింది. సార్ మాత్రం తడిసిన పైజామా పిండుకుంట అన్నడు: "తిట్టిందంటె సంతోషపడు బేటీ. జాలిపడేటోళ్లు తిట్టరు. నిన్ను పుట్టి నడిపేదాని లెక్క చూసింది."

ఆ మాట నాకు ఇయ్యాల్టికి ఉపయోగపడుతాంది. ఆ యేడాది నుంచే జనం నా పుట్టి ఎక్కుడు మొదలుపెట్టిండ్రు. తాత లేవలేకపోయినంక రేవు నాకు, మైసయ్యకు వచ్చింది. ఖాసీం సంత దినాలల్ల వస్తడు.

సార్‌ను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేసిండ్రు. అక్కడ్నే పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. దవాఖానకు చూడపోతే, మాట ముద్దముద్దగ వస్తున్నా, ఏట్ల నీళ్లెట్లున్నయని అడిగిండు.

పోయిన చలికాలం ఆత్మకూర్ల చుట్టాల పెండ్లికి కొడుకు ఆయనను బస్సుల తోలుకొచ్చిండు. పెండ్లయినంక ఏటికి పోదామని సార్ పట్టుబట్టిండట. కొడుకు, మైసయ్య కలిసి ఎత్తి పుట్టిల పండుకోబెట్టిండ్రు. కింద గడ్డి పరిచినం, పైన గొంగడి కప్పినం. నీళ్లు తేటగ, నిమ్మళంగ ఉన్నయి. నేనొక్కదాన్నే తెడ్డేసిన. జరసేపు సార్ ఆకాశం చూసిండు. తర్వాత ఎడమ చెయ్యి అంచు మీంచి నీళ్లల్ల వేసిండు. చూస్తుండగనే నిద్రపోయిండు.

ఒడ్డు మీంచి కొడుకు బస్సు టైమయితాందని చెయ్యి ఊపుతున్నడు. నేను చూసిన. చూసి, పుట్టిని మళ్ల నడి ఏటికి తిప్పిన. సార్ వేళ్ల సందుల నుంచి నీళ్లు మెల్లగ పోతున్నయి.