రెండు నాటకాల్లో ఒకే వరస

బెంగాల్లో మా ఖరగ్‌పూర్‌లో తెలుగు నాటకాలకి హార్మోనియం పట్టేవాళ్లు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి వచ్చి, చేతుల జిడ్డు వదిలేదాకా తోముకుని, హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఆయన పక్కన కూర్చునే నేను నేర్చుకున్నాను. ఆ తరం వెళ్లిపోయాక కీబోర్డు వాయించే కుర్రాళ్లు చాలామంది వచ్చారు గానీ, పద్యం పాడేవాడి ఊపిరి కనిపెట్టి వెనకాలే నడిచేవాళ్లు రాలేదు. అందుకే ఆ ఏడు పోటీకి దిగిన రెండు నాటకాలకీ నేనే వాయించాల్సి వచ్చింది.

ఒకటి మా అన్నయ్యది. వర్క్‌షాపులో రిటైరై క్వార్టరు ఖాళీ చేసినా ఆయన బృందం మాత్రం క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌దే. రెండోది మలంచా పేటలో బట్టల కొట్టున్న అతనిది. అతని వాళ్లు గోదావరి వైపు నుంచి వ్యాపారానికి వచ్చినవాళ్లు. చిన్నప్పుడు సాయంత్రమయ్యేసరికి మా క్వార్టరుకి వచ్చి అన్నయ్య దగ్గర పద్యం నేర్చుకునేవాడు. మా అమ్మ చేతి అన్నం తిని పెరిగాడంటే అబద్ధం కాదు. నన్ను అక్కా అనే పిలుస్తాడు. కొన్నేళ్ల కిందట, పిల్లలకి అర్థం కాని భాషలో నాటకం ఎందుకని అన్నయ్యతో వాదించి బయటికి వెళ్లి వేరే బృందం పెట్టుకున్నాడు. అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు.

మన తాతలు రైలెక్కి ఇక్కడికి వచ్చిన కథ మీద సంగీత నాటకాలు కావాలని మా తెలుగు సంఘం వాళ్లు అడిగారు. ఇద్దరూ రాశారు. నేను ఒక సాయంత్రం ఇక్కడా, మరో సాయంత్రం అక్కడా రిహార్సల్సుకి వెళ్లేదాన్ని. పగలు ఖరిదాలో మా ఇంట్లో పిల్లలకి పాఠాలు. ఒకే కథని రెండు సంగీతాల్లో వాయించడం మొదట్లో నాకు సరదాగానే ఉండేది.

అన్నయ్య నాటకమంతా పద్యాలు. కూలీ కూడా, మేస్త్రీ కూడా, చివరికి బండి టిక్కెట్టు ఇచ్చేవాడు కూడా పద్యమే పాడతాడు. ఆలాపన ఎత్తుకుంటే హార్మోనియం తిత్తి కొట్టే నా చెయ్యి లాగేసేది. కానీ తల్లిని వదిలి బండెక్కిన కుర్రాడి చేత ఆయన పాడించిన తేటగీతి వచ్చేసరికి ఆ నొప్పి మరిచిపోయేదాన్ని.

*ఇనుప దారులవెంట మా యిల్లు గదలె,*
*పొగలు గ్రమ్మిన కన్నుల పొద్దు గ్రుంకె.*

ఆ రెండు పాదాల తర్వాత ఎవరూ ఏమీ అనక్కర్లేదు. అయితే ఆ కుర్రాడి వేషం వేసిన అబ్బాయికి తెలుగు చదవడం రాదు. బెంగాలీ లిపిలో రాసుకుని బట్టీపట్టాడు. 'పొద్దు గ్రుంకె' అంటే ఏమిటో ఒకరోజు నన్నే చాటుగా అడిగాడు.

మలంచా నాటకం దీనికి పూర్తిగా వేరుగా ఉండేది. ఢోలకు, కీబోర్డు, మధ్యలో నా హార్మోనియం. మాటలన్నీ మేం వీధిలో మాట్లాడుకునేవే. దాదాలూ దీదీలూ, ఇంజను షెడ్డూ అన్నీ పాటలోకి వచ్చేశాయి. కుళాయి దగ్గర ఆడవాళ్లు పాడే పాట ఇలా మొదలవుతుంది.

*కుళాయి కాడ బిందె పెట్టి కూకున్నాం దీదీ,*
*నీళ్లు రావు, కళ్లు మాత్రం నిండినాయి దీదీ.*

మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. రెండోసారికి నవ్వు రాలేదు. అతని పాటల్లో ప్రాణం ఉంది. లోటు కూడా ఉంది. దుఃఖం వచ్చిందనేలోపల ఢోలకు అందుకుంటుంది, వినేవాడిని ఏడవనివ్వదు. అన్నయ్య పద్యంలో ఏడవడానికి కావలసినంత చోటుంది, ఎందుకేడవాలో పిల్లలకి తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది మేలంటే ఏం చెప్పాలో నాకు తోచేది కాదు. నన్నెవరూ అడగలేదు కూడా.

కుళాయి పాట రెండోసారి వాయిస్తున్న రోజునే నా వేళ్లు ఒకచోట ఆగిపోయాయి. వరస మధ్యమం దాకా ఎక్కి, అక్కడ కొంచెం నిలబడి, ముగియాల్సిన షడ్జానికి రాకుండా కింది నిషాదం దగ్గర తెగిపోతుంది. పాట అయిపోయినట్టు ఉండదు. ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. ముందురోజు సాయంత్రం అన్నయ్య తేటగీతికి నేను వాయించిన వరస కూడా సరిగ్గా ఇదే. ఒకటి నెమ్మది, ఒకటి వడి. మెట్లు మాత్రం అవే.

పోటీలో ఇది వినిపిస్తే ఇద్దరిలో ఒకరు దొంగవుతారు. ఇద్దరికీ నేనే చెప్పాలని, ముందు అన్నయ్యకి చెప్పాలని అనుకుంటూ ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లేసరికి, మలంచా రిహార్సల్‌ని ఎవరో ఫోనులో రికార్డు చేసి గ్రూపులో పెట్టారట, అది ఆయన చేతిలో మోగుతోంది. మా వదిన వంటగదిలోంచి బయటికి రాలేదు.

"ఏటే ఇది?" అన్నాడు అన్నయ్య.

"అదే చెప్దామని వచ్చినాను అన్నయ్యా."

"ఏటి సెప్తావు? నా వరస ఆడి నోట్లోకి ఎలాగెళ్లింది? రెండు కాడా కూకున్నది నువ్వొక్కదానివి."

"నేను మోసుకెళ్లినానంటావా?"

"మరెవులు?"

నేనేదో చెప్పబోయాను. ఆయన ఫోను బల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. యాభయ్యేళ్లు దాటినదాన్ని, వాళ్ల ముందుగదిలో చిన్నపిల్లలా నిలబడి ఉండిపోయాను. వదిన వచ్చి నీళ్లిచ్చింది, "ఇప్పుడు మాటాడకు, ఎల్లు" అంది.

సంగతి అప్పటికే మలంచాకీ చేరింది. అక్కడ మాట మెత్తగా ఉంది, అర్థం మాత్రం అదే. కొట్లో చీరలు మడత పెట్టిస్తూ అడిగాడు: "అక్కా, తప్పుగా అనుకోకు. నా పాట బయటికి రాకముందే గురువుగారి నాటకంలోకి వరస ఎలా వెళ్లింది? ఆయన ఎదురుగా నువ్వు ఊరికే వాయించావేమో. సోచ్‌కే బోలో, ఆలోచించి చెప్పు."

"ఇద్దరూ నన్నే అడుగుతున్నారు" అన్నాను. "ఈ వరస నీకెక్కడ తట్టిందో నువ్వు ఆలోచించు."

"నాకే తట్టింది. స్నానం చేస్తుంటే వచ్చింది."

స్నానం అన్న ఆ మాట పట్టుకునే నేను ఇంటికి నడిచాను. అమ్మ ఆదివారాలు క్వార్టరు వెనకాల గట్టు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి తలంట్లు పోసేది. వచ్చిన పిల్లలెవరైనా సరే ఊరుకునేది కాదు, బట్టల కొట్టు వాళ్ల అబ్బాయికీ పోసేది. పోస్తూ ఏదో పాడేది. మాటలు కూడా ఉండేవి కావు, ఊఁ ఊఁ అనడమే, మధ్యలో నీళ్ల చెంబు అడ్డం పడేది. వరస పూర్తయ్యేలోపలే "కళ్లు మూసుకో" అని కుమ్మరించేది. అందుకే అది షడ్జానికి చేరదు. ఇద్దరూ ఆ గట్టు మీదే కూర్చున్నారు. అక్కడినుంచే ఇద్దరికీ వచ్చింది. నాకు అంతకన్నా స్పష్టంగా ఏదీ కనిపించలేదు.

హార్మోనియం రిక్షాలో పెట్టుకుని అన్నయ్య ఇంటికి తీసుకెళ్లాను. ఏమీ చెప్పకుండా ఆయన ఎదురుగా కూర్చుని, అమ్మ పాడినట్టు, మాటలు లేకుండా, ఆగాల్సిన చోట ఆగుతూ వాయించాను. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నాడు.

"ఇది అమ్మది అన్నయ్యా. మీ ఇద్దరిదీ కాదు."

లేచి కిటికీ రెక్క మూశాడు. తర్వాత, "అమ్మ అలా పాడలేదు" అన్నాడు.

"నీకు గుర్తు లేదు."

"నాకు గురుతు లేదా? నానే పెద్దోడిని. ఆనందభైరవిలో నాను కూర్సుకున్న వరస అది. ఎన్ని సాయంత్రాలు కూకున్నాననుకున్నావు? ఆడిని కాయడానికి అమ్మని అడ్డం పెట్టకు."

ఆ చివరి మాట నాకు తగిలినంతగా ముందురోజు దొంగతనం మాట తగల్లేదు. లేచాను. హార్మోనియం ఎత్తుకోబోతుంటే, "అది నాన్నది. ఇక్కడుండనీ" అన్నాడు. నాన్న పోయినప్పటినుంచి అది నా దగ్గరే ఉంది. పాడేది ఆయన, వాయించేది నేను అని ఇంట్లో అందరూ అనుకున్న ఏర్పాటు. ఆ రోజు దాన్ని ఆయన గదిలో వదిలేసి ఖాళీ చేతులతో వచ్చాను. ఆయన నాటకానికి విజయనగరం వైపు నుంచి ఇంకొకాయన్ని పిలిపించుకున్నారని తర్వాత తెలిసింది.

మలంచాలో కూడా అమ్మ సంగతి చెప్పాను. అతను వెంటనే నమ్మాడు. నమ్మి చేసిన పని నన్నింకా బాధ పెట్టింది.

"అమ్మ పాటైతే అది మీ ఇంటిది. నేను తీసేస్తానక్కా."

"తియ్యక్కర్లేదు. నీకూ పోసిందిగా ఆవిడ నీళ్లు."

"లేదు. రేపు గురువుగారు దొంగ అంటే నేను పడలేను."

ఆ మాటలకే ఇంకో వరస కట్టాడు. హుషారుగా ఉంది, అంతే. 'నీళ్లు రావు, కళ్లు మాత్రం' అన్నచోట ఆడవాళ్లు నడుం మీద చెయ్యి పెట్టుకుని తిరిగేలా కట్టాడు.

మొదటి సాయంత్రం మలంచా వాళ్లదే ప్రదర్శన. అడిగి తెచ్చుకున్న హార్మోనియం మీద నేనే వాయించాను. హాలు నిండింది. అన్నయ్య ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కుళాయి దృశ్యం వచ్చినప్పుడు ఆయన ముందుకి వంగడం స్టేజి పక్కనుంచి నాకు కనిపించింది. కొత్త వరస మొదలైంది. జనం చప్పట్లతో తాళం వేశారు. ఆయన ఆ పాట అయిందాకా ఉండి, లేచి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడో నాకర్థం కాలేదు. ఆయన గెలిచినట్టే కదా.

మర్నాడు అన్నయ్య నాటకం. నేను వదిన పక్కన కూర్చుని చూశాను. జనం పల్చగా ఉన్నారు. బండెక్కిన కుర్రాడు తేటగీతి ఎత్తుకున్నాడు. అన్నయ్య దాన్నీ మార్చేశాడు. గమకాలు పెట్టి, సంగతులు వేసి, చివర షడ్జానికి తెచ్చి గట్టిగా నిలబెట్టాడు. ఆ అబ్బాయి కష్టపడి పాడాడు. పొద్దు గుంకినట్టు లేదు, పరీక్ష పాసైనట్టు ఉంది. వదిన నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం స్టేజి వైపే చూస్తూ కూర్చున్నాం.

బయటినుంచి వచ్చిన న్యాయనిర్ణేతలు సంగీతానికి అన్నయ్యకీ, పాటల రచనకి మలంచా అతనికీ బహుమతి ఇచ్చారు. అందుకోవడానికి అన్నయ్య రాలేదు. రెండు నాటకాల్లోనూ ఉన్న మంచి చోటు ఒక్కటే, రెండింటిలోనూ అది పోయిందని ఆ హాల్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత అన్నయ్య గోల్ బజార్లో ఎదురైతే, "మోకాలి నొప్పి ఎలాగుంది?" అని అడిగేవాడు. పరవాలేదనేదాన్ని. అంతే. పిల్లలకి కీబోర్డు మీద పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను.

మొన్న వేసవిలో ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పాత పక్కింటావిడని చూడ్డానికి వెళ్లాను. కొడుకు ఉద్యోగం మీద ఇంకా ఆ వరస క్వార్టర్లలోనే ఉంటున్నారు. మంచం మీద కూర్చుని ఉంది. మాట స్పష్టంగానే ఉంది. అమ్మ పాట గుర్తుందా అని అడిగాను.

"మీ యమ్మా? పాడీదే. తానాలు పోసినప్పుడు పాడీది. ఇటు మా గోడకి ఇనపడీది."

"ఎలా పాడేదో చెప్పగలవా పెద్దమ్మా?"

ఆవిడ కళ్లు మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది. అది నా వరస కాదు. ఎక్కడా మధ్యమానికి ఎక్కలేదు. పైగా చక్కగా షడ్జానికి వచ్చి ముగిసింది.

"ఇదేనా? బాగా గుర్తుందా?"

"ఇదేనే గుంటా. మరేటి పాడీదనుకున్నావు?"

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆవిడ మరిచిపోయి ఉండొచ్చు. నేనే కల్పించుకుని ఉండొచ్చు. రెండు చోట్లా విని విని, నా తలలో రెండూ కలిసి, దానికి అమ్మ గొంతు తొడిగి ఉండొచ్చు. అలాగైతే అన్నయ్య చెప్పిందే నిజం. అడగడానికి ఇంకెవరూ లేరు.

సాయంత్రం ఫోను చేశాను. వదిన ఎత్తి, ఏమీ అడగకుండా ఆయనకి ఇచ్చింది.

"అన్నయ్యా, అమ్మ అలా పాడలేదేమో. నువ్వన్నదే నిజమేమో."

అవతల టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని తగ్గించారు.

"పాడింది" అన్నాడు.

"ఏటీ?"

"పాడింది. నాకు తెల్సు. ఆ రోజే తెల్సు."

నేను ఇంకేమైనా అడిగేలోపల ఫోను పెట్టేశాడు. తిరిగి చేస్తే వదిన ఎత్తి, స్నానానికి వెళ్లాడంది. ఆ తర్వాత ఆయన చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆయన నిజమే చెప్పాడో, చెల్లెలు బాధపడుతోందని అలా అన్నాడో నాకిప్పటికీ తెలియదు.