పునీతురాలి పేజీలో నేను కలిపిన వాక్యం

రోజూ పొద్దున ఆరింటికి మా అత్తగారికి పునీతుల పుస్తకం చదివి వినిపించడం నా పని. ఏడాది పొడుగునా రోజుకో పేజీ. ఒక పునీతుడో, ఏ అడవిలోనో కూర్చుని ధ్యానం చేసుకున్న సన్యాసో, వాళ్లు దేవుడితో చెప్పుకున్న నాలుగు మాటలు, కింద చిన్న ప్రార్థన. షుగర్ వల్ల ఆవిడ చూపు పోయి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఆ పుస్తకాన్ని ఎనిమిదిసార్లు తిరగేశాను.

నేను పుట్టింది బాపులపాడు దగ్గర ప్రొటెస్టెంట్ ఇంట్లో. మావాళ్లు బైబిల్ తప్ప ఇంకోటి ముట్టరు. పెళ్లయి ముసునూరు తోటల మధ్య ఈ కేథలిక్ ఇంటికి వచ్చాను. పునీతుల పేర్లకు నోరు తిరగక తడబడితే అత్తగారు పక్కనుంచి అందించేవారు. పుస్తకమంతా ఆవిడకు నోటికొచ్చు. మరి నేను చదవడం దేనికని ఒకసారి అడిగాను కూడా.

"నాకొచ్చింది నేనే చెప్పుకుంటే అది వినడం ఎలా అవుతుందమ్మా?" అన్నారు.

కిందటేడు మామిడి కోతలు చివరికొచ్చిన రోజుల్లో మైలవరంలో ఒక స్కూలు నుంచి ఫోనొచ్చింది. తెలుగు టీచర్ ఉద్యోగం, బడి తెరిచే రోజుకి చేరాలి. బి.ఇడి. చేసి పదకొండేళ్లు ఇంట్లో కూర్చున్నదాన్ని. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

నూజివీడు మీదుగా మైలవరం వెళ్లే బస్సు ఆరున్నరకి. మా చదువేమో ఏడింటికి గాని తెమలదు. పేజీ రెండుసార్లు చదవాలి, తర్వాత కాసేపు మౌనం, ఆ తర్వాత బంధువులందరి పేరు పేరునా ప్రార్థన.

"ఐదింటికే చదువుకుందాం అత్తయ్యా" అన్నాను.

"ఐదింటికి నా ఒళ్లు లేస్తుంది గానీ మనసు లేవదమ్మా" అన్నారు.

పేజీలు చదివి ఫోన్లో రికార్డు చేసిపెట్టాను. ఒక్కరోజు విని, "ఫోనుకి నేను ఆమెన్ చెప్పాలా?" అన్నారు. మా ఆయన్ని కదిపితే, తోటలో కూలీలు ఎదురుచూస్తున్నారంటూ చెప్పులేసుకుని, "అది మీ ఇద్దరి మధ్య వ్యవహారం, నన్ను లాగకు" అన్నాడు. ఉద్యోగం వద్దని ఎవరూ అనలేదు, అదే నా ఏడుపు. వంట చెయ్యనంటే దెబ్బలాడొచ్చు. చూపులేని మనిషికి ప్రార్థన చదవనని ఏ నోటితో అనను?

బడి తెరవడానికి ఇంకో వారం ఉందనగా ఒక పునీతురాలి పేజీ వచ్చింది. చర్చి గోడకు ఆనించి కట్టిన చిన్న గదిలోకి తనంతట తనే వెళ్లి, గుమ్మానికి ఇటుకలు పేర్పించుకుని, ఒక్క కిటికీతో చనిపోయేదాకా ధ్యానంలో ఉండిపోయిన మనిషి. ఏటా ఆ పేజీ దగ్గర నాకు ఒళ్లు మండేది. ఆమె కోరుకుని వెళ్లింది, నన్ను ఎవరూ అడగలేదు.

ఆ రోజు పేజీ అయిపోయాక, అదే గొంతుతో ఇంకో వాక్యం చదివాను: "కొన్నేండ్లకు పెద్దలు ఆ ఇటుకలు తీయించగా ఆమె బయటికి వచ్చి ఊరి పిల్లలకు చదువు చెప్పెను, అదియు దేవునికి ప్రీతికరమాయెను." ఆవిడ పట్టేస్తారని తెలుసు. నోరు తెరిచి అడగలేని మాట అలాగైనా చెవిన పడుతుందనుకున్నాను.

అత్తగారి వేళ్లు జపమాల మీద ఆగాయి.

"ఇది నువ్వు కలిపావు" అన్నారు. గొంతులో కోపం లేదు.

"అవునత్తయ్యా."

"నేనూ కలిపాను, మా అత్తగారికి చదివేటప్పుడు. ఇదే పేజీలో. అప్పుడు నాకు ఏలూరులో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది."

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"ఏమన్నారావిడ?"

"ఆవిడకి చదువు రాదు కదా, పుస్తకంలో ఉందనే అనుకుంది. ఎంత గొప్ప పునీతురాలే అని కళ్లు తుడుచుకుంది. రేపు కూడా అదే చదవమంది. నా గురించని ఆవిడకి తట్టనే లేదు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఈ ఇంట్లో నా బాధ ఏంటో తెలిసిన మనిషి ఇన్నాళ్లకు దొరికింది. ఇక వెళ్లమంటారనుకున్నాను. నా చెయ్యి నిమిరారు కూడా.

"నేను ఉండిపోయాను కదమ్మా" అన్నారు మెల్లగా. "ఏమైపోయాను? ఊ, రెండోసారి చదువు. ఉన్నది ఉన్నట్టు."

ఆవిడ అత్తగారికి తెలియదు. ఈవిడకు అంతా తెలుసు. లేచి వెళ్లిపోవలసింది. లేవలేదు. ఇటుకలు పేర్పించుకుని ఆమె ఆ గదిలోనే చనిపోయేదాకా చదివాను, నా మీద నాకే అసహ్యం వేస్తుంటే. ఆవిడ ఆమెన్ అన్నారు.

ప్రార్థన కాగానే పక్కగదిలోకి వెళ్లి స్కూలు వాళ్లకు ఫోన్ చేశాను. రాలేనండీ, వేరే ఎవరినైనా చూసుకోండి అని అత్తగారికి వినబడేలా గట్టిగానే చెప్పాను. అవతల పెట్టేశాక కూడా, వద్దమ్మా వెళ్లు అని ఆ గదిలోంచి ఒక్క మాట వస్తుందేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.