ఒకటి దాటిన సంభావ్యత

తెలంగాణ వచ్చిన కొత్తలో మా బీఎడ్ బ్యాచి వాళ్లమంతా, మాకు లేనిది ఉద్యోగం ఒక్కటేననీ, మిగతా జ్ఞానమంతా నిండుగా ఉందనీ నమ్మేవాళ్లం. నేనైతే మరీనూ. భువనగిరిలో పుట్టి పెరిగి, గొర్రెను దగ్గరగా చూడటమంటే కూర గిన్నెలో చూడటమే అయిన నేను, నకిరేకల్ అవతల ఓ పల్లె బడిలో లెక్కల టీచరు పోస్టుకు డెమో క్లాసు చెప్పడానికి బస్సెక్కాను. మా అవ్వ అప్పటికే వాడంతా తిరిగి మనుమరాలు పంతులమ్మ అయిందని చెప్పేసి వచ్చింది. ఇంకా కాలేదు కదవ్వా అంటే, "అయితవు గదనే, జర ముందుగాల చెప్తే ఏమైతది?" అంది. ఇక ఆ పాఠం చెడితే నేను మళ్లీ ఆ వాడలో తలెత్తుకు తిరిగేదెలా?

పదో తరగతి, సంభావ్యత పాఠం. వెనక బెంచీలో కరస్పాండెంట్ సారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పాచికలు, పేకముక్కలు అందరూ చెప్పేవే కదా, పిల్లల ఇళ్లలోంచే ఉదాహరణ తీద్దామనుకున్నాను. (బీఎడ్‌లో మాకు నూరిపోసింది ఈ ఒక్క ముక్కే.) క్లాసులో ముప్పై మంది. ఇంట్లో గొర్రెలున్నవాళ్లను చేతులెత్తమంటే పన్నెండు చేతులు లేచాయి. మేకలున్నవాళ్లంటే ఇరవై. మీలో ఒకరి పేరు చీటీ తీస్తే, వాళ్లింట్లో గొర్రెలైనా మేకలైనా ఉండే సంభావ్యత ఎంత? రెండూ కూడితే సరి అంటూ, ధీమాగా బోర్డు మీద రాశాను. ముప్పైకి ముప్పై రెండు.

సుద్దముక్క అక్కడే ఆగిపోయింది. సంభావ్యత ఎప్పుడూ ఒకటి దాటదని అయిదు నిమిషాల కింద చెప్పింది నేనే. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచి, "టీచర్, గొర్లకు ఎత్తిన పన్నెండుమందే మల్ల మేకలకు గూడ ఎత్తిన్రు" అంది.

"పన్నెండుమందీనా? ఒక్కరింట్లో కూడా ఉత్త గొర్రెలు లేవా?"

క్లాసంతా నన్ను జాలిగా చూసింది. "మందల మేకలు లేకుంటె ఎట్ల టీచర్? గొర్లు తలకాయ కిందికేసి ఆడనే నిలవడ్తయి. మేక ముందల నడుస్తెనే ఎనుకవడి పోతయి."

అంతే, నేను డెమో సంగతి మరిచిపోయాను. మందకు ఎన్ని మేకలు కావాలి, గొర్రెకు ఇంటిదారి కూడా తెలియదా, మేక దారి తప్పితే ఎలా, ఇలా అడుగుతూనే ఉన్నాను. వాళ్లు ఒకరి నోట్లో మాట ఒకరు లాక్కుని చెబుతూనే ఉన్నారు. చివరికి బోర్డు మీద రెండు వలయాలు గీస్తే, గొర్రెల వలయం మొత్తం పోయి మేకల వలయంలో కూర్చుంది. రెండుసార్లు లెక్కకొచ్చిన పన్నెండును ఒకసారి తీసేస్తే ముప్పైలో ఇరవై. మధ్యలో అన్నం గంట కూడా కొట్టారట. నాకు వినపడలేదు, పిల్లలెవరూ కదల్లేదు.

బయటికొచ్చాక సారు, "లెక్క ఒకటి దాటిచ్చిన్రు గద మేడమ్" అన్నారు. అవును సార్ అన్నాను, తిరుగు బస్సు ఎన్నింటికో ఆలోచిస్తూ.

"దాటితె దాటింది తియ్యిండ్రి. అన్నం గంట గొట్టినంక గూడ పోరగాళ్లు లెవ్వకపోవుడు గీ బడిల ఎన్నడు సూడలే. సోమారం నుంచి రాండ్రి."

ఇన్నేళ్లయినా అదే బడిలో ఉన్నాను. ఇప్పుడు ఆ పాఠం ఒక్క తప్పు లేకుండా చెబుతాను. వలయాలు గుండ్రంగా వస్తాయి, జవాబు ఏనాడూ ఒకటి దాటదు. గంట కొట్టగానే పిల్లలు డబ్బాలు పట్టుకుని బిలబిలా పరుగెడతారు. బోర్డు తుడుచుకుంటూ, గొర్రెల గురించి ఏమీ తెలియకుండా భువనగిరిలో బస్సెక్కిన ఆ పిల్ల ఒక్క పూట వచ్చి నా క్లాసు చెప్పిపోతే బాగుండు అనుకుంటాను.